కచ్చా కుట్టు

భ్రమరాంబ నడుస్తున్నది ఇసుక మీదో గుడ్డ మీదో తెలియడం లేదు. కాలి కింద మెత్తగా, తెల్లగా, లోపలెవరో ఊపిరి పీలుస్తున్నట్టు పైకీ కిందికీ కదులుతున్న ఆ నేల ఒకసారి గోదావరి నడుమ ఇసుక తిన్నెలా ఉంది, ఇంకోసారి మునిసిపల్ హైస్కూలు మైదానంలా ఉంది, మైదానమే కాబోలని గోల్‌పోస్టు కోసం చూస్తే అక్కడ ఆమె కుట్టుమిషను నిలబడి, తొక్కేవాళ్ళు లేకుండానే నిదానంగా తిరుగుతోంది. మిషను పక్కన నడుమెత్తు వెదురు బుట్ట. బుట్టలో ఆమె భర్త గోవర్ధనం కూర్చుని గుండీలు లెక్కపెడుతున్నాడు.

ఆయన పోయి నాలుగేళ్ళయిందని ఆమెకు తెలుసు. తెలిసినా అది ఇప్పుడు అడగవలసిన విషయంలా అనిపించడం లేదు. ఆయనకు ముప్పై అయిదేళ్ళు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, వేళ్ళ మీద మైదా జిగురు ఎండిపోయి ఉంది. ఆమెకు మాత్రం ఇప్పటి అరవై ఏళ్ళే, మోకాళ్ళ నొప్పితో సహా.

"ఇంకో పది కావాలి భ్రమరా," అంటాడు తలెత్తకుండా. "ఆ ఫ్రెంచి అన్నదమ్ములు మొదటిసారి జనం ముందు ఎగరేసిన బెలూనుకి పద్దెనిమిది వందల గుండీలు. పైన గుడ్డ, లోపల కాగితం. కాగితాలు చేసే ఇంటివాళ్ళు కదా, కాగితానికేం లోటు."

పెళ్ళయిన కొత్తలో అన్నం కలుపుకుంటూ, చెయ్యి ఆరిపోయేదాకా ఆయన చెప్పిన కథే ఇది. అప్పుడు అడిగినట్టే ఇప్పుడూ అడుగుతుంది.

"గుండీల సందుల్లోంచి గాలి పోదాండీ?"

"పోయింది. పది నిమిషాల్లో దిగిపోయింది. అయినా లేచిందిగా." ఆయన గుండీలను దోసిట్లోకి తీసుకుంటాడు, అవి దోసిలి నిండేసరికి బియ్యపు గింజలవుతాయి, బుట్ట మూల నుంచి తెల్లపుంజు ఒకటి వచ్చి తాపీగా ఏరుకుంటుంది. "వాళ్ళు పొగే పైకి లేపుతుందనుకున్నారు. గడ్డీ ఉన్నీ కలిపి కాల్చి, కంపు పొగ పెట్టారు. లేపింది వేడి. వాళ్ళు కారణం తప్పుగా అనుకున్నారు, బెలూను లేచింది. నాకు కారణం తెలుసు, మనది లేవలేదు."

ఆయన నిష్ఠూరంగా ఏమీ అనలేదు. క్లాసులో పాఠం చెప్పినట్టే అన్నాడు. అయినా ఆ మాటతో నేల ఆ పొద్దుటి మైదానమైపోతుంది: ఎండ ఇంకా ఎక్కలేదు, గోడల మీద కూడా జనం, ఆరు నెలలు ఆమె మిషను మీద కుట్టిన ఇరవై నాలుగు కోరా గుడ్డ ముక్కలు ఒక్కటై, మంట మీద వేడిగాలి తాగుతూ ఇంటెత్తున ఉబ్బుతున్నాయి. గోవర్ధనం నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. అంతలో పైభాగాన ఒక పక్క సన్నగా నోరు తెరుచుకుంటుంది, వేడంతా అందులోంచి పోతుంది, బెలూను ఒరిగి, అలసిపోయిన ఏనుగులా మైదానం మీద కూలబడుతుంది. ఎవరో నవ్వుతారు. తరవాత అందరూ నవ్వుతారు. ఆ రోజు నుంచి ముప్పై ఏళ్ళు, పోయేదాకా, ఆయన ఆ ఊరికి బుడగ మాస్టారు.

"లెక్క తప్పాను," అని ఆ రోజు అందరితో అన్న మాటే బుట్టలోంచి అంటాడు.

"మీ లెక్క తప్పలేదు." చెప్పలేననుకున్న మాట ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకు తెలియదు. "చివరి ముక్క నేను సరిగ్గా కుట్టలేదండీ. అన్నిటికీ మడిచి రెండు వరసలు వేశాను. దానికి మాత్రం కచ్చా కుట్టు వేసి వదిలేశాను. మరిచిపోయి కాదు, కావాలనే. నాకప్పుడు అయిదో నెల. మీరేమో ఎక్కుతానంటున్నారు. వద్దంటే వినరు. బెలూను నేలమీదే పడిపోతే మీరు బతికుంటారు కదా అనుకున్నాను."

మిషను ఆగిపోతుంది. పుంజు తల పక్కకు వంచి చూస్తుంది.

"తెలుసు," అంటాడు గోవర్ధనం.

"ఎప్పట్నించి?"

"ఆ సాయంత్రమే. గుడ్డ మడతపెడుతుంటే చెయ్యి దూరింది. చిరుగు కాదది, విడిపోయిన కుట్టు. నీ కుట్టు ఎలా ఉంటుందో నాకు తెలీదా?"

"మరి ఒక్కనాడూ అనలేదేం?"

ఆయన పుంజును ఎత్తి బుట్ట అంచు మీద కూర్చోబెడతాడు. మైదానం చుట్టూ నీళ్ళు చేరతాయి, మళ్ళీ ఇసుక తిన్నె అవుతుంది, అవతలి గట్టు కనబడదు.

"నిచ్చెన మీద కాలు పెట్టాక నా కాళ్ళు వణికాయే," అంటాడు. "నువ్వు చూళ్ళేదు. ఎక్కడానికి ధైర్యం లేదు, అంతమంది ముందు దిగడానికీ లేదు. అది కూలగానే నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. ఇంక నిన్నేమని అడగను?"

"ఊరంతా నవ్వింది కదండీ."

"నవ్వనీ. చచ్చినవాణ్ణి చూసి ఏడవడం కన్నా నయమే కదా." ఆయన నవ్వుతాడు. "నువ్వే చెబుతావేమో అని చూశాను. చెప్పలేదు. నేనడిగితే చిన్నబుచ్చుకుంటావని నేనూ ఊరుకున్నాను. అలా అలా పొద్దుపోయింది."

బుట్ట నేలను వదిలిందో, నేలే బుట్టను వదిలిందో గాని ఇద్దరి మధ్యా జానెడు గాలి వచ్చింది.

"ఎక్కుతావా?"

"ఈ మోకాళ్ళతోనా?"

"అయితే ఈ దారం చివర పట్టుకో. గట్టిగా లాగకు."

ఆమె పట్టుకుంటుంది. పైనుంచి ఆయన ఇంకేదో అంటున్నాడు, మాట పలచబడి, అమ్మా, అమ్మా అని వినబడుతోంది.

"అమ్మా, మూడయింది. బళ్ళోవాళ్ళు నాలుగింటికి వస్తామన్నారుగా," అంటోంది కూతురు హైమ.

భ్రమరాంబ లేచి కూర్చుంది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. స్కూల్లో కొత్తగా పెడుతున్న సైన్సు గదిలో వేలాడదీస్తామని బెలూను గుడ్డ అడిగారు. పొద్దున ట్రంకు పెట్టె తెరిచి, ముప్పై నాలుగేళ్ళుగా విప్పని ఆ గుడ్డను గదంతా పరిచి, మధ్యాహ్నం ఆ కుప్ప మీదే ఆమె కునుకు తీసింది.

కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కొక్క ముక్కే పక్కకు తోస్తూ పైభాగానికి వెళ్ళింది. ఆమె కుట్టు వదిలేసిన చోటు చేతికి తెలుసు. అక్కడ సందు లేదు. మూరెడు పొడవున, జవాబు పత్రాల కట్టలు కుట్టే లావుపాటి తెల్లదారంతో, దబ్బనం పెట్టి ఎవరో చేత్తో కుట్టేశారు. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి. చివర ఒకదాని మీద ఒకటి నాలుగు ముళ్ళు.

ఆ ముళ్ళ మీద వేలుంచి ఆమె అలాగే కూర్చుంది.

"ఏంటమ్మా చూస్తున్నావ్?"

"మీ నాన్న కుట్టు."

హైమ వంగి చూసింది. "నాన్నకి కుట్టడం వచ్చా?"

"రాదు," అంది భ్రమరాంబ.