రెండు వేళ్ళ ముక్క

మర్జూఖ్ అప్పటికి మూడు బోల్టులు విప్పాడు. నాలుగోది ఉప్పు పట్టి కదలనని మొరాయిస్తోంది. దానిమీద రెండు చుక్కల నూనె వేసి, అది నానేలోగా టీ గ్లాసు అందుకున్నాడు. సముద్రం చుట్టుముట్టిన ముహర్రఖ్ ఊళ్ళో ఉప్పుతో తగాదా పెట్టుకుని గెలిచినవాడు లేడు. కాసేపు ఊరుకుంటే బోల్టు తనే దారికొస్తుందని ఇరవై ఆరేళ్ళుగా ఆయన నమ్మకం.

అరవై మూడేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ఎడమచేతి బొటనవేలి గోరు సగమే పెరుగుతుంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పొట్టి పెన్సిలు ఉంటుంది. నిలబడి నడిపే జెట్‌స్కీలకు హ్యాండిళ్ళు బిగించడం ఆయన పని. కూర్చుని నడిపే బండిలో హ్యాండిలు ఎలా ఉన్నా సీటు కాపాడుతుంది. నిలబడి నడిపేదానికి సీటే లేదు. అల లేచినప్పుడు మనిషి బరువంతా ఆ గొట్టానికే వేలాడుతుంది. దాని వెడల్పు, ఎత్తు, నడిపేవాడి వైపు వంపు, ఈ మూడూ మనిషికి కుదరకపోతే ఎంత గొప్ప ఇంజనైనా దండగే.

ఇది మర్జూఖ్‌కి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. కానీ ఆయన అడిగితేనే చెప్పే మనిషి, అడిగినవాళ్ళు లేరు. ఆ ఏడాది ఛాంపియన్ ఏ హ్యాండిలు వాడితే కుర్రాళ్ళు అదే తెచ్చి బల్లమీద పడేసేవారు. అన్న చెప్పులు తమ్ముడు వేసుకున్నట్టుందని బిగిస్తున్నప్పుడే ఆయనకు తెలిసేది. అయినా నోరు మెదపకుండా బిగించి పంపేసేవాడు.

షాపు లుల్వాది. తండ్రి పోయాక ఆవిడే నడుపుతోంది. మర్జూఖ్ ఆ తండ్రి కాలంనుంచీ ఉన్నవాడు కాబట్టి ఆవిడకీ, ఆవిడ తమ్ముడు ఘానింకీ చిన్నాన్న. ఇప్పుడు ఆయన విప్పుతున్న బండి ఘానింది. పోయిన పందెంలో హ్యాండిలు వంగిపోయింది. సాయంత్రం నాలుగింటికి గలాలీ తీరంలో ఈ ఏటి ఆఖరి పందెం.

తొమ్మిదింటికి ఘానిం కొత్త హ్యాండిలు భుజాన వేసుకుని వచ్చాడు. తిన్నగా, వెడల్పుగా, తళతళలాడుతోంది.

"ఊరంతా గాలిస్తే ఇదొక్కటే దొరికింది చిన్నాన్నా. ఛాంపియన్ వాడేది ఇదే."

గల్లాపెట్టె దగ్గరనుంచి లుల్వా తల ఎత్తలేదు. "మొన్న ఇంజను మార్చావు. అటుమొన్న పంపు మార్చావు. ఇప్పుడు హ్యాండిలా? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట."

"ఇదే ఆఖరక్కా. ఇవాళ మొదటి ముగ్గురిలో లేకపోతే బండి అమ్మేస్తా. రేవు ఆఫీసులో బావ చూసిన ఉద్యోగం ఉందిగా, వెళ్ళి కుర్చీలో కూర్చుంటా."

నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు చూసి లుల్వా గల్లాపెట్టె మూసేసింది. ఏడాదిన్నర కిందట పందెంలో పడి అతని ఎడమ భుజం పైనుండే కాలర్ ఎముక విరిగింది. అతుక్కుంది. డాక్టర్లు పర్లేదన్నారు. కానీ అప్పట్నుంచి మూడో చుట్టు వచ్చేసరికి ఎడమచెయ్యి మొద్దుబారి, మలుపు దగ్గర పట్టు జారి, వెనకున్నవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయేవారు.

మర్జూఖ్ హ్యాండిలు చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని చూశాడు, తర్వాత ఘానిం భుజాలు చూశాడు. తెల్లటి అంగీ ఎడమవైపు కుట్టు, భుజం దాటి కిందికి జారి ఉంది. ఏడాదిన్నరగా ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు. బండి అమ్మేస్తానన్న మాట ఆయన గుండెల్లో కలుక్కుమంది. టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఒక మాట చెప్పనా?"

అక్కా తమ్ముడూ ఇద్దరూ ఒకేసారి తిరిగి చూశారు. "చిన్నాన్న అడక్కుండా మాట్లాడాడు. ఇవాళ వాన పడుతుంది," అంది లుల్వా.

ఆయన నాలుగో బోల్టు కూడా విప్పి పాత హ్యాండిలు తీసేసి, ఘానిం చేత చెప్పులు విప్పించి బండిమీద నిలబెట్టాడు. అతని రెండు అరచేతులకీ నల్లటి గ్రీజు పూశాడు. మూల పడివున్న తెల్లటి నీళ్ళ గొట్టం తెచ్చి, హ్యాండిలు ఉండాల్సిన ఎత్తులో అడ్డంగా పట్టుకున్నాడు.

"కళ్ళు మూసుకో. మోకాళ్ళు వంచు. అల వచ్చిందనుకో. లేచి పట్టుకో."

ఘానిం లేచి పట్టుకున్నాడు. మర్జూఖ్ గొట్టంమీద పడిన గ్రీజు మరకల పక్కన పెన్సిలు గీత గీసి, గొట్టం తుడిచేసి, మళ్ళీ పట్టమన్నాడు. అలా అయిదుసార్లు. తర్వాత గొట్టాన్ని కొత్త హ్యాండిలు పక్కన పడుకోబెట్టాడు. కుడిచేతి గీతలు హ్యాండిలు పిడికి సరిగ్గా సరిపోయాయి. ఎడమచేతి గీతలు రెండు వేళ్ళ వెడల్పు లోపలికున్నాయి.

"తప్పు పట్టుకున్నానేమో," అన్నాడు ఘానిం.

"అయిదుసార్లూ ఒకేచోట తప్పు పట్టుకున్నావా? మా నాన్న పడవలకు తెడ్లు చెక్కేవాడు. మనిషి చేతులకు బొగ్గు పూసి, కర్ర పట్టించి చూసిగానీ కోసేవాడు కాదు. నీ ఎముక అతుక్కుంది, కానీ కురచగా అతుక్కుంది. అందనిదాని కోసం ఆ చెయ్యి గుంజుకుంటోంది. మొద్దుబారక ఏం చేస్తుంది?"

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"కట్టు విప్పి వచ్చిన రోజునుంచీ."

"మరి చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు."

అన్నాక ఆయనకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ అది మర్యాద అనుకున్నాడు. ఎదురుగా ఉన్న కుర్రవాడి మొహం చూస్తే అది మర్యాదలా కనబడలేదు.

"ఎడమవైపు రెండు వేళ్ళు కోసేద్దాం," అన్నాడు.

లుల్వా లేచి వచ్చింది. "ఒకవైపేనా? ఎవరైనా కోస్తే రెండువైపులా సమానంగా కోస్తారు. తప్పైతే ఇంకోటి లేదు చిన్నాన్నా, ఉన్నదిదొక్కటే."

"జనం నవ్వుతారు," అన్నాడు ఘానిం.

"నవ్వనీ. నీ వెనకుండి నవ్వుకుంటారు," అన్నాడు మర్జూఖ్.

ఘానిం అక్కవైపు చూశాడు, ఆ తళతళలాడే గొట్టం వైపు చూశాడు. "కొయ్యండి," అన్నాడు.

రంపం ఆనించాక మర్జూఖ్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎన్ని వందల హ్యాండిళ్ళు కోశాడో లెక్కలేదు. అవన్నీ పరాయివాళ్ళు చెప్పిన కొలతలు. తన మాటమీద కోయడం ఇదే మొదటిసారి. రంపం లాగాడు. ముక్క తెగి గచ్చుమీద ఖణేల్మంది. దాన్ని తీసి బల్లమీద పెట్టి, కోసిన అంచు ఆకురాయితో నున్నగా అరగదీశాడు. పిడులు ఎక్కించి, జారకుండా తీగ చుట్టాడు. హ్యాండిలుని నడిపేవాడి వైపు వెంట్రుకవాసి తిప్పి బోల్టులు బిగించాడు. నాలుగో బోల్టు కిక్కురుమనకుండా కూర్చుంది.

పందేల రోజున షాపు కాసేది ఎప్పుడూ మర్జూఖే. అందుకే ఆయన ఇంతవరకూ ఒక్క పందెమూ చూడలేదు. ఇవాళ లుల్వా షట్టరు దించేసి, "పదండి," అంది. మూడున్నరకి ఆయన గలాలీ తీరంలో ప్యాంటు మడిచి చీలమండల లోతు నీళ్ళలో నిలబడ్డాడు.

పక్క బండిమీద హమూద్ ఉన్నాడు. నిరుటి విజేత, నోరు కాస్త పెద్దది. "ఏంట్రా ఘానిం, నీ బండికి చెవి తెగింది? పిల్లి కొరికిందా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు.

"వెనకనుంచి చూడు, బాగా కనబడుతుంది," అన్నాడు ఘానిం.

జెండా ఊగింది. పద్నాలుగు బండ్లు నీళ్ళు చిమ్ముకుంటూ బయల్దేరాయి. మొత్తం ఆరు చుట్లు. మొదటి చుట్టులో ఘానిం అయిదోవాడు, రెండోదాంట్లో నాలుగోవాడు. మూడో చుట్టులో, మలుపుకి గుర్తుగా నీళ్ళమీద తేలే ఎర్రబుడగ దగ్గరికి రాగానే లుల్వా మర్జూఖ్ చొక్కా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ అక్కడే తమ్ముడు నడుం లేపి ఎడమచెయ్యి విదిలించుకునేవాడు.

విదిలించలేదు. వంగినవాడు వంగినట్టే బుడగను రాసుకుంటూ తిరిగాడు. నాలుగో చుట్టులో ఒకణ్ణి దాటాడు, అయిదులో ఇంకొకణ్ణి. ఆరో చుట్టు ఆఖరి మలుపులో హమూద్ వెడల్పుగా తిరిగాడు. లోపల మిగిలిన ఆ కాస్త సందులోంచి చెవి తెగిన బండి దూసుకొచ్చింది. పడవంత దూరం ముందుండగా గీత దాటింది.

లుల్వా ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియలేదు. మర్జూఖ్‌కి మాత్రం బాగా తెలిసింది. ఆయనకు పట్టలేనంత సంతోషంగా ఉంది. ఘానిం నీళ్ళోడుతూ పరిగెత్తుకొచ్చి, అందరూ చూస్తుండగా ఆయన నుదురు ముద్దుపెట్టుకున్నాడు.

"చెయ్యి ఎలా ఉంది?"

"చెయ్యున్న సంగతే గుర్తులేదు చిన్నాన్నా."

కాసేపటికి హమూద్ కూడా వచ్చాడు. హెల్మెట్ చంకలో పెట్టుకుని రెండు అరచేతులూ చాచాడు. "ఉస్తాద్, నాక్కూడా గ్రీజు పూయండి."

"రేపు పొద్దున్నే రా. నీ హ్యాండిలు నాలుగేళ్ళుగా నీకు ఎత్తెక్కువ."

మర్నాటినుంచి కుర్రాళ్ళు బారులు తీరారు. దాచిపెట్టిన ఇరవై ఆరేళ్ళ మాటలూ మర్జూఖ్ నోట వరదలా వచ్చాయి. ఒకడికి వంపు చాలదన్నాడు, ఇంకొకడికి పిడి లావన్నాడు, ఇంకొకణ్ణయితే చెప్పులు కూడా మార్చమన్నాడు. "ఆపలేకపోతున్నాను," అని లుల్వా వచ్చినవాళ్ళందరికీ గర్వంగా మొరపెట్టుకునేది. నలభై రోజుల్లో పందొమ్మిది మందికి కొలతలు తీశాడు.

ఆ తర్వాత మంగళవారం, చేపా అన్నమూ తిని షాపు వెనక చాపమీద నడుం వాల్చాడు. సాయంత్రం అసర్ నమాజు పిలుపుకి లేవలేదు. బాగా అలిసిపోయాడు, పడుకోనీ అనుకుంది లుల్వా. టీ పట్టుకెళ్ళి చూసేసరికి ఆయన ఇక లేవడని తెలిసింది. ఇరవయ్యోవాడి గీతలు తెల్లగొట్టంమీద అప్పటికే గీసి ఉన్నాయి. మూడు రోజులు పోయాక వాటి ప్రకారం ఘానిమే హ్యాండిలు కోశాడు.

బల్లమీద ఆ రెండు వేళ్ళ హ్యాండిలు గొట్టం ముక్క ఇంకా అక్కడే ఉంది. దాంట్లో ఆయన పొట్టి పెన్సిలు, పడుకోబోయే ముందు నిలబెట్టినట్టే, కాస్త ఎడమవైపు ఒరిగి ఉంది.