అడిగినదానికే జవాబు

మా చర్చిలో ఏటా పెట్టే వాక్య పరీక్షను నేను రాసింది బహుమతి కోసం కాదు, కక్షతో. క్రీస్తుదాసు గారి మీద కక్ష. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆయన మా సంఘ పెద్ద. తోటపల్లి గూడూరు దగ్గర మా వరిచేను పక్కనే ఆయన రొయ్యల గుంట. గుంటలోని ఉప్పునీళ్లు మా చేలోకి ఊరి, పొట్టకొచ్చిన పైరు మాడిపోయింది. మధ్యలో కాలవ తవ్వించమని మా నాయన గిద్యోను అడిగితే, ఆరాధన అయ్యాక, అందరి ముందూ ఆయన ఇచ్చిన జవాబు ఇది: "నీకు ప్రార్థన తక్కువైనట్టుండాది గిద్యోనూ. అందుకే పైరు ఎండినాది." పుండు మీద కారం చల్లడమంటే ఇదే. ఆ ఆదివారం నుంచి మా నాయన చర్చి గడప తొక్కలేదు.

ఏటా పరీక్షలో ఫస్టు క్రీస్తుదాసు గారి కూతురు క్యాథరిన్‌కే వస్తుంది. జనం గుసగుసలాడుతున్నారని ఈసారి ఆయనే కొత్త పద్ధతి పెట్టాడు. పేపర్ల మీద పేర్లుండవు, నంబర్లే. దిద్దేది నెల్లూరు చర్చి పాస్టరు అయ్యగారు. ఫస్టు వచ్చినవాళ్లు తమ జవాబును ఆదివారం మైకులో చదవాలి. కూతురి గొంతు మైకులో వినాలని ముచ్చట పడ్డాడు, పాపం.

ప్రశ్న ఒక్కటే: "పొరుగువారి పట్ల విశ్వాసి బాధ్యత ఏమిటి? మీ ఊరి ఉదాహరణతో వివరించండి."

చదవగానే నా కడుపులో పాలు పోసినట్టయింది.

చాపల మీద కూర్చున్నవాళ్లంతా అప్పుడే స్తోత్రాలతో మొదలుపెట్టి, తమకు కంఠతా వచ్చిన ప్రసంగాలు దించుతున్నారు. ఆవు వ్యాసం బట్టీపట్టినవాడు ఏ ప్రశ్న వచ్చినా ఆవును తెచ్చి అక్కడే కట్టేస్తాడు చూడండి, అదీ వరస. క్యాథరిన్ అడిషనల్ షీట్లు అడుగుతూనే ఉంది. నేను పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెబుతాను; వాళ్లకు ఏం చెబుతానో అదే చేశాను. కలం కింద పెట్టి ప్రశ్నను మళ్లీ చదివాను. అడిగింది రెండు: బాధ్యత, ఉదాహరణ. మొదటి వాక్యంలోనే జవాబు పెట్టాను. తన లాభం కోసం చేసే పని పక్కవాడి పంటను చెరపకుండా చూసుకోవడమే బాధ్యత. తరువాత ఒకే ఒక్క ఉదాహరణ. నీళ్లు ఎలా ఊరాయి, రైతు ఏమడిగాడు, గుంట యజమాని ఏమన్నాడు, ఏం చేసి ఉండాల్సింది. పేర్లు లేవు, తిట్లు లేవు. తిట్టాలని చెయ్యి దురద పెట్టింది. కానీ తిట్టు రాస్తే దిద్దేవారికి నా కోపమే కనబడుతుంది. జరిగింది జరిగినట్టు రాస్తే తప్పు కనబడుతుంది. పేజీ దాటకుండా ముగించి ఇచ్చేశాను.

ఫస్టు నాదేనని శనివారం ఫోన్ వచ్చింది. ఆదివారం మా నాయనను బతిమాలి వెంట తీసుకెళ్లాను.

మైకు ముందు నిలబడి చదివాను. రొయ్యల గుంట దగ్గరికి వచ్చేసరికి దగ్గులు కూడా ఆగిపోయాయి. "నీకు ప్రార్థన తక్కువైనట్టుండాది" అన్న మాటను ఆయన అన్న తీరులోనే, నిదానంగా చదివాను. ఆడవాళ్ల తలలన్నీ ముందు వరస కేసి తిరిగాయి. క్రీస్తుదాసు గారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

బహుమతి ఇవ్వాల్సింది ఆయనే. స్టీలు బిందె నా చేతిలో పెడుతూ గొంతు తగ్గించి, "పేరు రాయలా. మంచిపని చేసినావమ్మా జయశీలా," అన్నాడు.

"ప్రశ్నలో పేరు అడగలా పెదనాయనా. అడిగినదానికే గదా జవాబు రాయాల," అన్నాను.

అప్పుడు వెనక వరసలో మా నాయన లేచాడు. "ఇప్పుడు నేనడగతా ఉండా క్రీస్తుదాసన్నా. కాలవ ఎప్పుడు తవ్విస్తావు?"

చర్చంతా క్రీస్తుదాసు గారి నోటి కేసి చూసింది. ఆయన, బహుమతుల కోసమని వచ్చి పక్కనే కూర్చున్న నెల్లూరు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు కూడా జవాబు కోసమే చూస్తున్నారు.

"రేపే తవ్విస్తా," అని గొణిగాడు.

నేను మైకు తీసి ఆయన నోటి దగ్గర పెట్టాను.

"మైకులో చెప్పండి పెదనాయనా. ఎనకున్నోళ్లకి ఇనపడలా."