ముప్పై బారల తాడు

ఉప్పళంలో మా తాళ్ళ కొట్టుకి బోర్డు చిన్నది, పేరు పెద్దది. ఆ పేరంతా నా రెండు చేతుల్లో ఉంది. చేతులు బార్లా చాపి కొలిచి ఇస్తాను. ఒకటి అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ పైకి లెక్కపెట్టడం మా నాయన నేర్పిన పద్ధతి. పదిహేనేళ్ళలో ఒక్క బార తగ్గిందని ఎవరూ తాడు వెనక్కి తేలేదు.

అలాంటి నా మీద, పోయిన సోమవారం, ఫోన్లో మా కొట్టు పేరు కింద ఎవడో ఒకే ఒక్క నక్షత్రం పెట్టి రాశాడు: "కొలతలో మోసం చేస్తారు." పేరు లేదు. ముఖం ఉండాల్సిన చోట చిలక బొమ్మ.

ఏ రోజు వచ్చాడు, ఏ తాడు కొన్నాడు, ఎన్ని బారలు తగ్గింది? ఏదీ చెప్పలేదు. కొట్టుకొచ్చి అడిగితే కళ్ళముందే కొలిచి చూపించేవాణ్ణి. చిలకకి ఏం చూపించను? జవాబు రాశాను. నవ్వే బొమ్మ పెట్టాడు. మళ్ళీ రాశాను. మూడు రోజుల్లో పదిహేడు జవాబులు. ఇడ్లీ చల్లారిపోతున్నా రాశాను, గిరాకీ ఎదుట నిలబడి ఉన్నా రాశాను.

"వాడు మన గడప తొక్కినోడో కాదో కూడా తెలీదు. విడిచిపెట్టు నాయనా," అంది మా అమ్మాయి అభినయ.

"నీకేం. పోయేది నా పేరు."

"ఆ పేరు యాడుండాది, ఫోన్లోనా, కొట్లోనా?"

నేను వినిపించుకోలేదు.

గురువారం పొద్దున తిరుమలై వచ్చాడు. బావుల్లో మోటార్లు దించే పని అతనిది. పన్నెండేళ్ళుగా తాడు నా దగ్గరే కొంటాడు. ముప్పై బారలు అడిగి, ఎప్పటిలాగే నా కొలత చూడకుండా బయటికెళ్ళి, గిలకని సైకిల్‌కి కట్టుకుంటున్నాడు. పదకొండో బార దగ్గర ఫోన్ మోగింది. చిలకే. "దొంగలకే ఇంత కోపం వస్తుంది" అని రాశాడు. తాడుని మోకాలి కింద నొక్కిపెట్టి జవాబు కొట్టాను. పంపాక కొలత ముగించి, కోసి ఇచ్చాను.

భోజనాల వేళకి తిరుమలై తిరిగొచ్చాడు. తాడు చుట్టని బల్ల మీద పెట్టి అరచేతులు చూపించాడు. రెండూ తోలు లేచి ఉన్నాయి.

"ఈ కయిరు నువ్వే కొలిచి చూడన్నా."

"ఏందయ్యా, ఏమైంది?"

"మోటారు నీళ్ళ పైనే నిలిచిపోయె. కొస చేతికొచ్చేసె. కట్టేదానికి మిగల్లా. నేనూ, నాతో పనికొచ్చే గురూ పట్టుకోని మళ్ళా పైకి లాగినాం."

కొలిచాను. ఇరవై ఆరు. మళ్ళీ కొలిచాను. ఇరవై ఆరే.

ఆ నాలుగు బారలు ఎటు పోయాయి? ఫోన్ తీసి పొద్దున పంపిన జవాబు చూశాను. "పదిహేనేళ్ళుగా ఈ కొట్లో కూర్చున్నాను" అని ఉంది. పదకొండు దగ్గర ఆపినవాణ్ణి, పదిహేను అని రాసి, పదహారు నుంచి ఎత్తుకున్నాను.

ఒళ్ళు మండింది. చిలక మీద ఒక్కటే కాదు. వాడు ఊరికే ఒక అబద్ధం రాసి పడేశాడు. దాన్ని నిజం చేసింది నా చేతులు.

జరిగింది చెప్పి తిరుమలైకి ఫోన్ చూపించాను. అతనికి చదవడం రాదు.

"ఏమని రాసుండాడు?"

"నా కొలతలో మోసముందని."

తిరుమలై అరచేతులు ఊదుకున్నాడు. "నిన్నటిదాకా అబద్ధమే గదన్నా."

"తిట్టు తిరుమలై. నాలుగు మాటలు తిట్టు."

"తిట్టేదానికి టైమ్ లే. ఆ ఇంట్లో నీళ్ళు లేవు. చీకటి పడేలోపల మోటారు దించాల."

ఫోన్‌ని మేకుల డబ్బాలో పడేసి కొత్త చుట్ట విప్పాను. చేతులు చాపి "లాభం" అన్నాను. "రెండు" దగ్గర ఇంకో గొంతు కలిసింది. తిరుమలై బయటికి పోలేదు. బల్లకి ఆనుకుని, నా చేతుల వైపే చూస్తూ, నాతో పాటు లెక్కపెడుతున్నాడు. పన్నెండేళ్ళలో ఇదే మొదటిసారి.

పదకొండు దగ్గర డబ్బాలో ఫోన్ మోగింది. నా చేతులు ఆగలేదు. అయినా నాకంటే ముందు అతనే అన్నాడు, "పన్నెండు."