ఖాళీ డోలీ

నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీలో వేసుకుని ఆరోగ్య కేంద్రానికి కొండ ఎక్కేటప్పుడు కబాలే అనే కొండసీమలో మగవాళ్ళు ఊరికే ఉండరు. ఒకడి పెళ్ళాం వంట మీద ఇంకొకడు, ఒకడి బట్టతల మీద మరొకడు హాస్యాలాడుకుంటూ ఎక్కుతారు. భుజం మీది బరువు మరిచిపోవడానికీ, డోలీలో ఉన్న మనిషికి భయం తెలియనివ్వకుండా ఉండడానికీ అదే ఉపాయం. ఆ ఉదయం కూడా నవ్వులు బాగానే సాగుతున్నాయి. సగం కొండ ఎక్కాక కటురేబే ఉన్నట్టుండి మోకాళ్ళ మీద కూలబడి డోలీ బొంగు నేలకు దించేశాడు.

డోలీ ఒరిగింది. లోపలి మనిషి కేక పెట్టింది. పక్కన నడుస్తున్నతను చప్పున భుజం అందించాడు కాబట్టి సరిపోయింది.

ఇంకొకరి భుజం వచ్చేదాకా బొంగు దించకూడదు. ఆ కొండల మీద మగపిల్లవాడు అన్నిటికన్నా ముందు నేర్చుకునే సంగతి ఇది. ఇంటికొక మగవాడు మోయాలి. మోసిన ఇంటికి కష్టమొస్తే డోలీ సంఘం మోస్తుంది, మోయని ఇంటికి మోయదు. బండి రాని ఊళ్ళలో ఎందరినో బతికించిన కట్టుబాటు అది. ఇప్పుడు దాన్ని తప్పినవాడు ఎవడు? రాళ్ళబీడును ఒక్కడే తవ్వి బంగాళాదుంపలు పండించిన కటురేబే.

"ఏరా తమ్ముడూ, నీకూ నెలలు నిండాయా?" అన్నాడు డోలీ సంఘం చైర్మన్ బరిగ్యే. "ఆవిడకన్నా నీకే ఎక్కువ నొప్పులొస్తున్నట్టున్నాయే."

అందరూ నవ్వారు. కటురేబే నోరు తెరిచి, ఒడ్డున పడ్డ చేపలా గాలి కోసం తంటాలు పడుతున్నాడు. డోలీ అతన్ని దాటి వెళ్ళిపోయింది.

అంతకు ముందు నెలలో అతనికి జ్వరం వచ్చి పోయింది. దగ్గు, ఒళ్ళునొప్పులు, చివరికి పొయ్యి పొగ వాసన కూడా తెలియకపోవడం. అది కరోనా అని అతనికీ తెలుసు, భార్య ఓరిషాబాకూ తెలుసు. బయటికి చెబితే తమ గుమ్మం ముందు మనిషి నిలబడడనీ, చేలో కలుపు తీయడానికి ఒక్కరూ రారనీ భయపడి నోరు మూసుకున్నారు. యూకలిప్టస్ ఆకులు మరిగించి ఆవిరి పట్టారు. జ్వరం తగ్గింది. జ్వరం తగ్గింది కాబట్టి జబ్బు పోయిందనుకున్నారు. పాఠకులారా, ఆ రోజుల్లో మనలో ఎందరం అలా అనుకోలేదు?

ఆదివారం చర్చి అయ్యాక సంఘం కూర్చుంది. ఏమైందో చెప్పమన్నారు. రొమ్ము పట్టేస్తోందనీ, నాలుగడుగులు వేస్తే తొడల్లో సత్తువ ఉండడం లేదనీ, పడుకుంటే గుండె దడదడలాడుతోందనీ కటురేబే తలొంచుకుని చెప్పాడు. కరోనా మాట మాత్రం అప్పుడూ చెప్పలేదు. బరిగ్యే అతన్ని పైనుంచి కిందికి చూశాడు. పుండు లేదు, నెత్తురు లేదు, కట్టు లేదు. మనిషి నిటారుగా నిలబడి చక్కగా మాట్లాడుతున్నాడు. వచ్చే జొన్నకోతల దాకా ఆ ఇంటికి డోలీ రాదని తీర్పు చెప్పాడు. ఒకరిద్దరు గొణిగారు గాని, చైర్మన్‌తో వాదానికి దిగలేదు.

బరిగ్యే దుర్మార్గుడు కాడు. వానలో, బురదలో, తన భుజం చర్మం లేచిపోయినా మోసిన మనిషి. తన ఒళ్ళు మాట వింది కాబట్టి ఎవరి ఒళ్ళైనా వినాల్సిందేనని నమ్మాడు. ఆ నమ్మకంతోనే, ఓరిషాబా ఒక్కతే చేను తవ్వుకుంటుంటే, గుమ్మంలో కూర్చున్న కటురేబేకి వినబడేలా, "కొత్త పెళ్ళికూతురు ఎండకు రాదట," అంటూ ఆ దారిన పోయేవాడు. ఊళ్ళో వాళ్ళు ఆ మాట పట్టుకున్నారు. పెళ్ళికూతురన్న పేరు అతనికి స్థిరపడిపోయింది.

సంత రోజు పొద్దున్నే ఓరిషాబా చైర్మన్ ఇంటికి వచ్చింది. డోలీ అతని చూరుకు వేలాడుతోంది. భర్త పిక్క ఒకటి వాచి వేడిగా ఉందనీ, తెల్లారేసరికి రొమ్ములో పోటు మొదలైందనీ, పెదాలు నల్లబడుతున్నాయనీ చెప్పింది.

బరిగ్యే జొన్న అంబలి తాగుతున్నాడు. "మాట్లాడుతున్నాడా?" అని అడిగాడు.

"మాట్లాడుతున్నాడు, చైర్మన్‌గారూ."

"కూర్చోగలుగుతున్నాడా?"

"కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడటం లేదు."

"మాటా ఉంది, కూర్చునే ఓపికా ఉంది. మెల్లగా నీ మీద ఆనుకుని నడవమనమ్మా. డోలీ మాట కోతలయ్యాక చూద్దాం."

ఆమె చూరు కింద వేలాడుతున్న డోలీని ఒక్కసారి చూసి వెళ్ళిపోయింది.

కాసేపటికి బరిగ్యే తన చిక్కుడు మడిలో వంగి ఉండగా ఎదురు కొండవాలు మీద రెండు ఆకారాలు కదిలాయి. కొంచెం నడుస్తున్నారు, కూర్చుంటున్నారు. మళ్ళీ లేస్తున్నారు. ఒకసారి కూర్చున్నాక ఇక లేవలేదు. బరిగ్యే పార పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు అనుకున్నాడు.

లేపింది సంతకు పోతున్న ఆడవాళ్ళు. తలల మీది దుంపల గంపలు దారి పక్కన దించేశారు. పైన చుట్టుకున్న గుడ్డలు విప్పి, ఒకదానిమీద ఒకటి పరిచి, కటురేబేను అందులో వేసి, చుట్టూ అంచులు పట్టుకుని ఎత్తారు. ఆ కొండల మీద ఆడది రోగిని మోయడం ఎవరూ ఎరగరు. అది మగవాళ్ళ పని, మగవాళ్ళ పరువు.

బరిగ్యే పార పారేసి ఇంటికి పరిగెత్తాడు. డోలీ దింపుకుని అడ్డదారిన పడుతూ లేస్తూ వెళ్ళి కొండ నెత్తి మీద వాళ్ళను కలుసుకున్నాడు. డోలీ కింద పెట్టి, ఇందులోకి మార్చమన్నాడు.

"పక్కకు జరుగు," అంది ముందున్న ముసలామె. "దించితే మళ్ళీ ఎత్తే ఓపిక మాకు లేదు, దింపుడు తట్టుకునే ఓపిక వాడికీ లేదు."

చెయ్యి వేస్తానన్నాడు. చెయ్యి పెట్టడానికి చోటివ్వలేదు ఎవరూ. ఓరిషాబా అతనివైపు చూడనైనా చూడలేదు.

ఆ తరువాత ఆ దారిలో జరిగింది బరిగ్యే చచ్చేదాకా మరిచిపోడు. ముందు ఆడవాళ్ళు రొప్పుతూ, కాళ్ళు తడబడుతూ మనిషిని మోసుకుపోతున్నారు. వెనకాల సంఘం చైర్మన్ ఖాళీ డోలీని నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాడు. ఎదురొచ్చే మగవాళ్ళు అలవాటుగా టోపీలు తీసి దారి ఇస్తున్నారు. ఆడవాళ్ళను చూస్తున్నారు, తరువాత అతన్ని చూస్తున్నారు. ఒకతను ఏమీ తెలియక, "డోలీ ఖాళీగా పట్టుకెళ్తున్నావేం చైర్మన్?" అని అడిగేశాడు. బరిగ్యే తల దించుకుని నడిచాడు. మనిషి లేని ఆ వెదురు డోలీ, మోస్తున్నకొద్దీ మెడ విరిచేస్తోంది.

ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ కొబుసింగే కటురేబే వేలికి చిన్న మిషన్ తగిలించి చూసింది. చూసిన వెంటనే ఇంకేమీ అడగకుండా ఆక్సిజన్ పెట్టింది, పెద్దాసుపత్రి బండికి ఫోన్ చేసింది. ఓరిషాబా ఆమెకు కరోనా జ్వరం సంగతంతా చెప్పింది. అప్పుడు గుమ్మంలో నిలబడ్డ బరిగ్యే అడిగాడు: "పొద్దున మాట్లాడాడట సిస్టర్. కూర్చున్నాడట కూడా. మరి అంత జబ్బు ఎలా వస్తుంది?"

"ఈ జబ్బు చేసే మోసమే అది పెద్దయ్యా," అంది ఆమె పని ఆపకుండానే. "ముక్కులోంచి గొంతులోకి, అక్కణ్ణించి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. గాలి నిండే సన్న సన్న తిత్తులుంటాయి లోపల, తేనెపట్టులో గదుల్లాగా. వాటి గోడలు వాచిపోతాయి, నీరు చేరుతుంది. పీల్చిన గాలి నెత్తురుకి అందదు. అయినా మనిషి మాట్లాడతాడు, కూర్చుంటాడు. లోపల గాలి తరిగిపోతోందని ఒక్కోసారి అతనికే తెలీదు."

"జ్వరం పోయి చాన్నాళ్ళైందంది వాళ్ళావిడ, ఇందాక మీతో చెబుతుంటే విన్నాను."

"జ్వరం పోతుంది. అది చేసి వెళ్ళిన పాడు ఉంటుంది. కొందరికి నెత్తురు గడ్డకడుతుంది. ఇతనికి పిక్కలో కట్టినట్టుంది, అందులో ముక్క పైకెళ్ళి ఊపిరితిత్తిలో దారి మూసినట్టుంది. కొందరికి గుండె కండ వాస్తుంది. ఇంకొందరికి ఏ పరీక్షలోనూ ఏమీ కనబడదు, నెలలపాటు బిందెడు నీళ్ళు మోయలేరు అంతే. అలాంటివాళ్ళకి కావలసింది విశ్రాంతి. మన కొండల్లో వాళ్ళని సోమరిపోతులంటారు. ఎగతాళి చేసి పనికి తరుముతారు. తరిమినవాళ్ళెవరూ ఇక్కడిదాకా రారు గనక వాళ్ళకి తెలీదు."

ఆమెకు అతనెవరో తెలియదు. తెలిసి అన్నా అంత నొచ్చుకునేవాడు కాదు బరిగ్యే. గది మూల కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

బండి వచ్చింది. ఎక్కబోతున్న ఓరిషాబా దగ్గరకు బరిగ్యే వెళ్ళి ఏదో అనబోయాడు. ఆమె ఆగింది.

"ఏమీ చెప్పొద్దు చైర్మన్‌గారూ. కరోనా అని దాచింది మా తప్పే. కానీ ఊపిరాడటం లేదని చెప్పాం కదా. అది దాచలేదు కదా."

కటురేబే బతికాడు. చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉండి, నెత్తురు పలచబడే మందులతో ఇంటికి వచ్చాడు. ఇప్పుడు ఒక మడి నుంచి పై మడికి ఎక్కితే కూర్చోవాలి. మళ్ళీ ఎప్పటికి పార పడతాడో ఆసుపత్రి వాళ్ళూ చెప్పలేకపోయారు. బరిగ్యే అతని గుమ్మానికి వెళ్ళాడు. కటురేబే అంబలి ఇప్పించాడు, వాన గురించి మాట్లాడాడు. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. తిట్టి ఉంటే బాగుండునని దారంతా అనుకున్నాడు బరిగ్యే.

ఆ ఆదివారం సంఘంలో నిలబడి జరిగిందంతా దాచకుండా చెప్పాడు. చైర్మన్ పని ఇంకొకరికి ఇమ్మన్నాడు. జబ్బుచేసి మోయలేని ఇంటికి డోలీ ఆపకూడదని కట్టుబాటు మార్చమన్నాడు. వెనకనుంచి ఒకతను లేచి, అలాగైతే రేపు ప్రతి బద్ధకస్తుడూ ఊపిరాడటం లేదంటాడని అడ్డుపడ్డాడు. మొన్నటిదాకా అది బరిగ్యే అనే మాటే.

"అననీ," అన్నాడు బరిగ్యే. "అబద్ధం చెప్పి పదిమంది తప్పించుకున్నా వాళ్ళ బరువు మన భుజాలు మోస్తాయి. నిజం చెప్పినవాణ్ణి ఒక్కణ్ణి నేను నమ్మలేదు, ఆ బరువు మోయడం నా వల్ల కావడం లేదు. జబ్బుపడి లేచిన మనిషి నా ఒంట్లో బాగోలేదంటే నమ్మండి. మన కళ్ళకి కనబడనంత మాత్రాన అతని జబ్బు అబద్ధం అయిపోదు."