వెల్లుల్లి లేని చేప

"పులుపు ముందు తగిలిందా, కారం ముందు తగిలిందా?" అని మా ఆయన హాల్లోంచి కేకేసేసరికి నా చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. గిన్నె అడుగున మాడు గీకుతూనే, "పులుపే ముందు. కారం మింగాక వచ్చింది, గొంతు దగ్గర," అన్నాను. టకటకా టైపు చేసుకున్నాడు. "ఆ పులుపు దేనిది? నిమ్మకాయదా?" "కాదు, పచ్చి టమాటాది. నిమ్మకాయైతే పళ్ళకి తెలుస్తుంది, ఇది నాలుక పక్కలకి తెలిసింది." "భలే చెప్పావోయ్," అని మళ్ళీ టకటక. ఆదివారం పేపర్లో ఆయన ఫోటో కింద ఆ ముక్క అక్షరం పొల్లుపోకుండా అచ్చయింది. సోమవారం, నేను పనిచేసే కళ్ళద్దాల దుకాణంలో, బిల్లు కౌంటరుకి ఆనుకుని ఒక పెద్దమనిషి దాన్ని నాకే చదివి వినిపించాడు. "అలాంటి నాలుకున్న మనిషికి మూడు పూటలా వండి పెట్టడమంటే మీకు నరకమే కదమ్మా!" అని జాలి కూడా పడ్డాడు. నవ్వి, ఆయన కళ్ళద్దాలు తుడిచి చేతికిచ్చాను.

సంగతేమిటంటే మా ఆయనకి రుచి తెలియదు. ఆరేళ్ళ క్రితం పది రోజులు జ్వరమొచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ వాసననీ రుచినీ పట్టుకుపోయింది. డాక్టరు తిరిగొస్తాయన్నాడు, రాలేదు. కాఫీకీ వేడినీళ్ళకీ తేడా రంగు చూసి చెప్పాల్సిందే. అప్పటికే ఊళ్ళోని హోటళ్ళ గురించి ఆదివారం పేజీ రాయడం మొదలుపెట్టి రెండేళ్ళయింది, కాస్త పేరు కూడా వచ్చింది. మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "ఎవరికీ చెప్పకు, అమ్మకి కూడా. కొన్నాళ్ళు నువ్వు తిని చెప్పు, నేను రాస్తాను," అన్నాడు. నాకు జాలేసింది. ఆ కొన్నాళ్ళు ఆరేళ్ళయ్యాయి.

నా ముక్కు మాత్రం చిన్నప్పటి నుంచీ అంతే. మా అమ్మ పాలగిన్నె తెచ్చి నా మొహం దగ్గర పెట్టి, "సాయంత్రం దాకా ఆగుతాయంటావా?" అని అడిగేది. ఆగవంటే అప్పుడే కాచేసేది. ఆ ముక్కుతోనే ఈ ఊరంతా తిరిగాను. స్టేషన్ క్యాంటీన్లో గుడ్డు అట్టు అంచు కాస్త మాడుతుంది, ఆ మాడే దాని రుచి, మాడకుండా ఇస్తే వెనక్కి పంపండి అన్నది నేను. ఆసుపత్రి ఎదురుసందులో ఉల్లిపాయల సూపు వానాకాలం ఒకలా, ఎండాకాలం ఒకలా ఉంటుంది, వంటమనిషి మారలేదు, ఉల్లిపాయ మారింది అన్నదీ నేనే. మూలమీద బేకరీలో మొదటి వాయి బ్రెడ్డు కొనకండి, అప్పటికి పొయ్యికి ఇంకా నిద్ర వదలదు, నాలుగింటికి వచ్చే రెండో వాయి కోసం ఆగండి అన్నానా, ఆ మాట అచ్చయిన మర్నాటి నుంచి నాలుగింటికి అక్కడ క్యూ. ఆ క్యూలో సంచీ పట్టుకుని నేనూ నిలబడ్డాను. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి, "పొయ్యికి నిద్ర వదలదట, ఎంత బాగా రాశాడో!" అంది. నాకు సిగ్గుగానూ ఉంది, సంబరంగానూ ఉంది. నాదని చెప్పాలని నోటిదాకా వచ్చింది కానీ చెప్పలేదు.

ఇంట్లో మాత్రం మా అత్తగారు నేను వడ్డించినప్పుడల్లా, "మావాడి నాలుకకి ఇది ఆనదమ్మా. చిన్నప్పుడే వాడు చెంచా ముట్టుకుని ఉప్పెంతో చెప్పేవాడు," అంటారు. ఆయన తల వంచుకుని తింటాడు. పేపరాఫీసు నుంచి ఎడిటర్ వచ్చినప్పుడు, "మేడమ్ అదృష్టవంతురాలు, ప్రతివారం బయట భోజనం," అన్నాడు. మా ఆయన కూడా, "తనకేం, ఊరికే తిని కూర్చోవడమే," అని నవ్వాడు. నేను కూర్చోలేదు, కాఫీ కలుపుతున్నాను. ఇవన్నీ ఎలాగో దిగమింగాను. ఐదు బల్లలావిడ తగిలేదాకా.

బస్సు డిపో వెనక ఒక చిన్న హోటలుంది. ఉన్నవి ఐదు బల్లలే కాబట్టి ఊళ్ళో అందరూ దాని యజమానురాలిని ఐదు బల్లలావిడ అంటారు. యాభై దాటిన మనిషి, మగవాళ్ళ చొక్కా చేతులు మడిచి తొడుక్కుని ఒక్కతే వండుతుంది. మేనకోడలు వడ్డిస్తుంది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించిన చేప తెచ్చిపెట్టారు. మాకో పద్ధతుంది. ముందు నేను రుచి చూసి బల్లకింద ఆయన పాదాన్ని నొక్కుతాను. ఒకసారి నొక్కితే ఫరవాలేదు, రెండుసార్లయితే బాగుంది. ఆ రోజు మొదటి ముద్దకే నా కళ్ళు మూతలు పడ్డాయి, కాలు ఆయన పాదం మీదే ఉండిపోయింది. ఆయనకి అర్థమైంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, ఆహా అని, వండినవాళ్ళని పిలవమన్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ లోపల్నుంచి వచ్చింది. మా ఆయన కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడ్డాడు. "అమ్మా, మీ చేతిలో ఏదో మహత్తు ఉంది. ఎలా చేశారిది?" అన్నాడు.

లేచి నిలబడ్డాడు! పెళ్ళయి ఇరవై రెండేళ్ళు. రోజుకి మూడుసార్లు నేను వంటింట్లోంచి బయటికి వస్తాను. చేతిలో వేడిగిన్నె ఉన్నప్పుడు కూడా ఆ మనిషి కాళ్ళు పక్కకి జరపడు, నేనే చుట్టూ తిరిగి వెళతాను. ఎలా చేశావని ఒక్కనాడు అడగలేదు, రుచి తెలిసిన రోజుల్లో కూడా. అప్పుడంతా "ఉప్పు సరిపోయింది" అనేవాడు, అదే మెప్పు. ఇప్పుడు తనకే రుచీ పచీ తెలియని చేపకి, నా మాట మీద, నా ఎదురుగానే లేచి నిలబడ్డాడు. నేను అల్లిన స్వెటర్ ఆవిడకి తొడిగి బాగుందని చూస్తున్నట్టుంది. కడుపులో భగ్గుమంది. దీన్ని అసూయ అనే అంటారు, నాకు తెలుసు, వేరే మంచి పేరేదీ పెట్టను.

ఆ వారం ఆయన ఆవిడ గురించి రాసింది చదివి ఊరు ఊరంతా అక్కడికి పరిగెత్తింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఇంట్లోనూ ఆయనకి అదే పాట. "ఆవిడైతే ఉల్లిపాయ ఇంత లావు తరగదు." "ఆవిడ వంటిల్లు చూశావా, అద్దంలా ఉంటుంది." ఇద్దరిలో ఎవరి వంట రుచీ ఆయనకి తెలియదు, అయినా ఆవిడది గొప్పదని తెలుసు. చెప్పిందెవరు? నేనే కదా! దుకాణంలో అద్దాల నంబర్లు రాసుకుంటుంటే ఆవిడే గుర్తుకొచ్చేది. అదే చేపని ఇంట్లో నాలుగుసార్లు చేశాను. నాలుగోసారి నిజంగా బాగా కుదిరింది. ఆయన ఫోన్ చూసుకుంటూ తిని, "ఉప్పు సరిపోయిందా?" అని నన్నే అడిగాడు.

సంవత్సరం చివర ఆయన మెచ్చిన పది హోటళ్ళ జాబితా వేస్తారు. అందులో ఎక్కితే ఏడాదంతా బల్లలు ఖాళీ ఉండవు. మొదటి స్థానం ఐదు బల్లలావిడకే అని ఆయన ఖాయం చేసేశాడు. "ఎందుకైనా మంచిది, ఇంకోసారి తిని చూద్దాం పద," అన్నాడు. వెళ్ళాం. ఈసారి చేప ఆవిడే తెచ్చింది. గిన్నె ఆయన ముందు పెట్టి ఎందుకో నా వైపు చూసింది. తిన్నాను. మొదటిసారి కంటే బాగుంది. నా కాలు కదల్లేదు.

బస్టాపులో, "ఏమైంది, తొక్కలేదే?" అన్నాడు.

"పాత వెల్లుల్లి కంపు. చేప కూడా నిన్నటిదేమో," అన్నాను. అలవోకగా వచ్చేసింది, అద్దాల బిల్లు చదివినంత మామూలుగా.

"అయ్యయ్యో," అన్నాడు కానీ కళ్ళు మెరిశాయి. పొగడ్త కంటే తెగడ్త బాగా పండుతుందని ఆయనకి తెలుసు. ఆదివారం 'పేరొచ్చాక బద్ధకించిన చెయ్యి' అని పెద్ద అక్షరాలతో వచ్చింది. వెల్లుల్లి కంపు మీద ఒక పేరా అంతా తన సొంతంగా రాశాడు. రెండుసార్లు చదివాను. కడుపు చల్లబడింది. అబద్ధమాడను, ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

గురువారం దుకాణం సగం పూటే. బస్సు పాసు కోసమని నాకు నేనే చెప్పుకుని డిపో దాకా వెళ్ళి, వెనక సందులోకి తిరిగాను. మధ్యాహ్నం ఒంటిగంట, ఐదు బల్లలూ ఖాళీ. ఆవిడ ఒక బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తోంది. మేనకోడలు లేదు. నన్ను చూసి లేవలేదు.

"కూర్చోండి. ఈ మధ్య కుర్చీలకేం కొదవలేదు," అంది.

కూర్చున్నాను. ఏం మాట్లాడాలో తోచక నేనూ ఒక బఠాణీకాయ తీసుకున్నాను.

"నాకు వెల్లుల్లి పడదు. ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కుతాయి," అంది ఆవిడ. "పదకొండేళ్ళయింది ఈ హోటలు పెట్టి. ఒక్క రెబ్బ కూడా ఈ గడప దాటి లోపలికి రాలేదు. మీ ఆయనకి రుచి తెలీదు, కదూ?"

కాయ ఒలిచి గింజలు ఆవిడ ముందు వేస్తూ తలూపాను.

"మొదటిసారే కనిపెట్టాను. నోట్లో బాగున్నది పడితే ఎవరైనా గిన్నె వంక చూస్తారు. ఆయన మీ మొహం వంక చూశాడు. ఆయన్ని నేనేం అనను. తెలియనివాడు, మీరు చెప్పింది రాసుకున్నాడు. మీకు తెలుసు కదమ్మా. నిజం చెప్పండి, చేప బాగాలేదా? బాగాలేకపోతే ఆ మాట పడతాను."

"మొదటిసారి కంటే బాగుంది," అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. "మిరియాలు తగ్గించారు, అందుకే చేప తీపి బయటపడింది. ఆకు లోపలివైపు కమలాపండు తొక్క రుద్ది తీసేశారు. తొక్క కనపడదు, వాసన ఉంటుంది."

ఆవిడ ఒలవడం ఆపేసింది. "ఆ తొక్క సంగతి ఇన్నేళ్ళలో కనిపెట్టింది మీరొక్కరే. మా మేనకోడలికి కూడా చెప్పలేదు," అంది. తర్వాత మెల్లిగా, "మరెందుకు చేశారమ్మా ఈ పని?" అంది.

"మీ కోసం లేచి నిలబడ్డాడు."

బయటికి అన్నాక ఎంత చిన్నమాటగా వినపడిందో! ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నేను పొద్దున ఐదింటి నుంచీ నిలబడే ఉంటానమ్మా. నాకోసం ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో నేను చూళ్ళేదు. ఆదివారం నుంచి జనం లేరు, పిల్లని పనికి రావద్దన్నాను. అది చూస్తున్నాను," అంది.

తిరిగి వస్తుంటే బస్సులో సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా ఆ సిగ్గు అడుగున అసూయ ఇంకా ఉంది, కాస్త మొహం మార్చుకుంది అంతే. వెల్లుల్లి ఉందని పేపరంతా రాసినా ఆవిడ నా ముందు కూర్చుని, అది నా వంట కాదు అని చెప్పగలిగింది. పొయ్యి నిద్ర ముక్క నాదని బేకరీ క్యూలో నా ముందున్న మనిషికి నేను చెప్పలేకపోయాను.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన హాల్లో ల్యాప్‌టాప్ ముందున్నాడు, పది హోటళ్ళ జాబితా దిద్దుకుంటూ. చెప్పులు విప్పకుండానే చెప్పాను, ఆ చేపలో వెల్లుల్లి లేదని, ఆవిడ వంటింట్లోనే లేదని.

ఆయన మొహం తెల్లబోయింది. "అయితే ఆవిడకి నా సంగతి తెలిసిపోయిందా?" అన్నాడు. చేప సంగతి అడగలేదు.

"తెలిసింది."

"మరి వెల్లుల్లి కంపని నాకెందుకు చెప్పావ్?"

"అసూయతో."

"అసూయా? హోటలావిడ మీదా? నీకేం తక్కువ చేశాను నేను?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి వచ్చి కూర్చుని గొంతు తగ్గించాడు. "సరేలే, అయిందేదో అయింది. వచ్చేవారం అడుగున ఎక్కడో ఒక లైను వేద్దాం. పక్క హోటలు వాసన మావైపు కొట్టి పొరపాటు పడ్డామని. నువ్వు చెప్పు, నేను రాస్తాను."

"లేవండి," అన్నాను.

"ఎందుకు?"

"నేను కూర్చోవాలి."

ఏమనుకున్నాడో, లేచి నిలబడ్డాడు. ఆ కుర్చీ అంత మెత్తగా ఉంటుందని నాకు తెలియదు. ల్యాప్‌టాప్‌లో ఎడిటర్‌కి మెయిల్ తెరిచి, కింద నా పేరు ముందే కొట్టాను, మళ్ళీ మనసు మారకుండా. ఆయన నా భుజం మీంచి చదువుతూ, "ఇది వేస్తే నా గతేం కాను? అమ్మకి ఏం చెప్పను?" అంటున్నాడు. నా రెండు వేళ్ళ టైపింగు నెమ్మది కాబట్టి ప్రతి మాటా ఆయన పూర్తిగా చదవగలిగాడు:

"పోయిన ఆదివారం ఐదు బల్లల హోటలు గురించి మీరు అచ్చువేసింది అబద్ధం. ఆ చేపలో వెల్లుల్లి లేదు, అది ఈ ఊళ్ళో నేను తిన్నవాటిలోకెల్లా మంచి చేప. ఆ అబద్ధం చెప్పింది నేను. అంతకుముందు ఆరేళ్ళుగా మీరు అచ్చువేసినదంతా నిజం. అది చెప్పిందీ నేనే."