మూడో నంబరు పాప

ఆ ఆదివారం అమెరికాలోని క్యారీ ఊరి లైబ్రరీ హాల్లో పిల్లల పద్యాల పోటీ. పేర్లు పిలిచే పని శేషగిరిది. ఇరవై ఎనిమిదేళ్లు ప్రోగ్రాములు రాసి రిటైరైన మనిషికి ఇరవై ముగ్గురు పిల్లల జాబితా ఒక లెక్కా? పొద్దున వచ్చిన వరసలో నంబర్లిచ్చి, కంప్యూటర్‌లో ఎక్కించి ప్రింటు తీశాడు.

ఆరుగురు చదివాక రేణు వేదిక దగ్గరికొచ్చింది.

"అంకుల్, మా చరితని ఎప్పుడు పిలుస్తారు? పన్నెండున్నరకి నాకు ఫార్మసీలో షిఫ్ట్ ఉంది. అందుకే తొమ్మిదింటికే వచ్చాం."

"లిస్టు ప్రకారమే పిలుస్తున్నానమ్మా. మీ పాపకో రూలు, మిగతా పిల్లలకో రూలూనా?"

మైకు ఆన్‌లోనే ఉంది. వెనక ఎవరో నవ్వారు. రేణు ముఖం కందిపోయింది.

ఇంకో అయిదుగురయ్యాక అక్షయ్ పేరు పిలిచాడు. వాళ్ళ నాన్న రాజ్ లేచాడు.

"ఏం సార్, మావాడిది నంబర్ టూ. మీ లెక్కలో పందొమ్మిది తర్వాత రెండా?"

శేషగిరి కాగితం చూశాడు. ఒకటి, పది, పదకొండు... పందొమ్మిది, రెండు. నిఘంటువులో ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలన్నీ ఒకచోట చేరినట్టు, ఒకటితో మొదలయ్యే నంబర్లన్నీ ముందుకొచ్చాయి. నంబర్లను మాటల్లా ఎక్కించింది తనే. ఈ తప్పు చేసిన కుర్ర ఇంజనీర్లను ఎందరిని చివాట్లు పెట్టాడో! ఇరవై మూడు దాటితే గాని మూడు రాదు. మూడు చరితది.

రేణు కుర్చీ ఖాళీగా ఉంది.

శేషగిరి బయటికి పరిగెత్తేసరికి పార్కింగ్‌లో ఆమె పాపకి సీటుబెల్టు పెడుతోంది.

"తప్పు నాదమ్మా. లోపలికి రండి, ఇప్పుడే పిలుస్తాను."

"వద్దంకుల్. ఇప్పుడొస్తే నేను అడిగి తీసుకున్నట్టే ఉంటుంది. అందరూ విన్నారుగా."

శేషగిరి కారు తలుపు పట్టుకున్నాడు.

"రెండు నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడండమ్మా. అందరూ వినేలా చెప్పాకే పిలుస్తాను."

లోపలికెళ్ళి మైకు అందుకున్నాడు. "లిస్టు తప్పు. ముందు పిలవాల్సిన పిల్లల్ని వెనక్కి నెట్టాను. న్యాయంగా అడిగిన తల్లిని మీ అందరి ముందు అవమానించాను."

అక్షయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటూ రాజ్ అన్నాడు, "ముందు ఆ పాపని చదవనివ్వండి సార్. మాకు తొందరేం లేదు."

రేణు ఫోన్‌లో "ఫిఫ్టీన్ మినిట్స్ లేట్" అని చెప్పి కూతుర్ని వేదిక మీదికి పంపింది. శేషగిరి వంగి మైకును చరిత ఎత్తుకి దించాడు.

"థాంక్యూ అంకుల్" అంది పాప.

ఆయన తలెత్తలేకపోయాడు. మైకు సరిచేయడం అయిపోయినా, ఇంకా సరిచేస్తున్నట్టే వంగి ఉండిపోయాడు.