నల్ల అంచు కార్డు

అద్దంకి హైస్కూల్లో సోషలు చెప్పే శేషాచలం ఏనాడూ జపాను చూడలేదు. అయినా బివా సరస్సు ఒడ్డున ఉన్న ఓత్సు పట్నం గురించి కదిలిస్తే చాలు, ఆయనకు ఇంటర్వెల్ బెల్లు కూడా వినిపించేది కాదు. పత్రికలో కలం స్నేహం అడ్రసు చూసి ఆ ఊళ్ళో బడిపంతులు మోరికి ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాల స్నేహం ఆరేళ్ళు నడిచింది.

"మా ఊరు ఏడో శతాబ్దంలో అయిదంటే అయిదేళ్ళు రాజధాని" అని మోరి రాస్తే శేషాచలం ఎగిరి గంతేశాడు. అద్దంకిదీ అదే కథ! రెడ్డిరాజులు ఇక్కడ మొదలుపెట్టి కొండవీటికి మకాం మార్చేశారు. అప్పట్నుంచి ఇద్దరూ జమీ పోయిన జమీందార్లలా ఉత్తరాల్లో వాపోయేవారు. సరస్సులోకి వందకు పైగా ఏర్లు వచ్చి పడతాయనీ, బయటికి పోయేది సేతా నది ఒక్కటేననీ రాసి, క్లాసులో తగిలించుకోవడానికి తన ఊరి మ్యాపు చేత్తో గీసి పంపుతానని మాటిచ్చాడు మోరి.

ఎనభైమూడు డిసెంబరులో మ్యాపు రాలేదు, కార్డు వచ్చింది. అంతా జపాను అక్షరాలు. చుట్టూ నల్ల అంచు.

"అయ్యో, చావు కబురండీ! ఇంట్లో ఉంచకూడదు, చింపెయ్యండి" అంది భార్య బాలసరస్వతి.

మోరి ఇంట్లో ఉండేది ముసలితల్లి ఒక్కతే. ఆవిడకు ఇంగ్లీషు రాదు కాబట్టి కొడుకు పోయాడని జపానులో కార్డు వేసి ఉంటుంది. ఇక ఎవరికని రాయాలి? శేషాచలం కార్డు చింపి, చుట్టం కాకపోయినా తలమీద నీళ్ళు పోసుకున్నాడు. వారం రోజులు అన్నం సయించలేదు. ఎవరిచేతైనా చదివిద్దామన్న ఊహ మాత్రం, ప్రపంచమంతా బోర్డు మీద గీసి చూపించే ఆ పెద్దమనిషికి తట్టలేదు.

ఎనభైఏడు వేసవిలో ఓత్సు నుంచి పార్సిలు వచ్చింది. పైన మోరితో పనిచేసినాయన ఇంగ్లీషు ఉత్తరం.

"మోరి గారు పోయిన నెల చనిపోయారు. ఎనభైమూడులో వారి తల్లి పోయినప్పుడు, మా ఆచారం ప్రకారం, ఈసారి కొత్త సంవత్సరం శుభాకాంక్షలు వద్దని నల్ల అంచు కార్డు పంపారు. మీనుంచి ఒక్క పలకరింపు కోసం చాలాకాలం చూశారు. మీ మనసు నొప్పించానేమోనని మళ్ళీ రాయలేదు. మ్యాపు మాత్రం పూర్తి చేశారు."

శేషాచలం మ్యాపు విప్పాడు. నీలిరంగు సరస్సు, కొండలు, ఆ ఒక్క నది. నైరుతి మూల చిన్న బాణం గుర్తు వేసి, "అద్దంకి ఇటు" అని ఉంది.

విషయం విని బాలసరస్వతి కళ్ళు తుడుచుకుంది. "నీళ్ళు తోడతాను, స్నానం చెయ్యండి" అంది.

"ఇంకెక్కడి స్నానమే? ఆయన బతికుండగానే చేసేశానుగా" అన్నాడు శేషాచలం.